అన్‌లిమిటెడ్ ప్లాను

ఆదోనిలో స్టేషన్‌కు పోయే రోడ్డు పక్క సందులో, ఎరువుల దుకాణం పైన మా కంప్యూటర్ అంగడి ఉండేది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఆధార్ దరఖాస్తులు, వాటితో పాటు వెబ్‌సైట్లు. బోర్డు మీద వెబ్‌సైట్లే పెద్దక్షరాల్లో ఉండేవి గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది పత్రికల కోసమే వచ్చేవాళ్లు. నేను కంప్యూటర్స్‌తో డిగ్రీ పూర్తి చేసి అక్కడ చేరేనాటికి ఉన్నది ఇద్దరే. ఒకరు యజమాని. ఆయన్ని సార్ అనేవాళ్లం. రెండో మనిషి అక్క. నాకంటే పదేళ్లు పెద్దది.

అక్కది తుగ్గలి వైపు పల్లె. పదో తరగతితో చదువు ఆగిపోయింది. వాళ్లమ్మ, అన్నదమ్ములు కూలి మనుషులు. ఊర్లో పనుల్లేని నెలల్లో అందరితో పాటు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, గిన్నెలూ బొంతలూ లారీకి ఎక్కించుకుని పోయేవాళ్లు. చిన్నప్పుడు ఆమె కూడా పోయింది. పెళ్లయి ఆదోనికి వచ్చాక, చర్చిలో ఎవరో చెబితే ఈ అంగడిలో తెలుగు టైపు చేయడానికి చేరింది. తొమ్మిదేళ్లలో టైపు నుంచి పత్రికల డిజైనుకు, అక్కడి నుంచి వెబ్‌సైట్లకు వచ్చింది. ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకుంది. నేర్చుకున్నదంతా ఒక లావు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేది. నేను చేరిన మొదటి మూడు నెలలూ ఆ పుస్తకం ముందు పెట్టుకుని నాకు పని నేర్పింది ఆమే. నాకు వచ్చి ఆమెకు రానిది ఇంగ్లీషు ఒక్కటే.

ఆ ఒక్కటి మా అంగడిలో రోజూ జరిగే ఆట. వెబ్‌సైట్ చూసే జనం రాకపోకలకు ఎంత దారి ఉందో చెప్పే మాట ఒకటుంది, బ్యాండ్‌విడ్త్. అక్క నోట్లో అది బ్యాండువిత్తు. సార్ ఎవరైనా కస్టమర్ ఉన్నప్పుడు కావాలనే ఆమెతో ఆ మాట అనిపించేవాడు.

"ఏం విత్తుమ్మా అది? సెనిక్కాయ విత్తా, పత్తి విత్తా? ఎకరాకు ఎన్ని సేర్లు పడుతుంది?"

కస్టమర్ నవ్వేవాడు. అక్క తల వంచుకుని తను కూడా కొంచెం నవ్వి, పని చేసుకునేది. మొదటిసారి నేను నవ్వింది సార్ నవ్వాడు కాబట్టి. రెండో నెలకు నేనే ఆయనకు సరుకు అందించడం మొదలుపెట్టాను. ఈరోజు అక్క బ్యాకప్‌ని బేకప్పు అన్నది సార్, అని మోసింది నేనే. ఆ తర్వాత టీ వచ్చినప్పుడల్లా ఆయన గ్లాసు చాపి, "ఇదోమ్మా నీ బేకప్పు" అనేవాడు. నేను రూములో ఉండేదాన్ని, వండుకునేదాన్ని కాదు. మధ్యాహ్నం అక్క డబ్బా తెరిచి జొన్నరొట్టె చించి సగం నా వైపు జరిపేది. ఆ రొట్టె, చెనిక్కాయల పొడి తిని, సాయంత్రం ఆమె మాటలు సార్‌కు చేర్చేదాన్ని.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి ఒక ఫోటో స్టూడియో ఆయన వచ్చాడు. పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాడు. పెళ్లివాళ్లు బళ్లారిలో కొందరు, బెంగళూరులో కొందరు ఉంటున్నారు. ఆల్బంలోకి ఏ ఫోటోలు కావాలో ఎంచుకోవడానికి స్టూడియోకు రమ్మంటే ఎవరూ రావడం లేదు. ఫోటోలన్నీ వెబ్‌సైట్‌లో పెడితే వాళ్లు ఇంట్లో కూర్చుని ఫోన్లో టిక్కులు పెట్టుకుంటారు. అట్లాంటిది కావాలన్నాడు. సైటు చేయడం కష్టం కాదు. దాన్ని ఎక్కడ ఉంచాలి, ఏ హోస్టింగ్ ప్లాను తీసుకోవాలి అన్నదే ప్రశ్న.

సార్ నన్ను చెప్పమన్నాడు. నేను కుర్చీ జరుపుకుని స్టోరేజ్ అన్నాను, షేర్డ్ అన్నాను, డెడికేటెడ్ అన్నాను, కాలేజీలో సెమినార్ ఇచ్చినట్టు పది నిమిషాలు చెప్పాను. స్టూడియో ఆయన మర్యాదగా విని అక్క వైపు తిరిగాడు.

"నువ్వు రోంత సెప్పమ్మా."

అక్క చేతిలో మౌసు వదిలింది. "అన్నా, మీరు పత్తి యార్డుకి పోయింటారు గదా. పత్తి తెచ్చినోళ్లందరికీ ఒగటే షెడ్డు. నీ కుప్ప, నా కుప్ప పక్కపక్కనే. బాడిగె తక్కువ. పక్కనోడు లారీ లోడు దిగేసినాడంటే నీ కుప్ప కాడికి దావ ఉండదు. ఇదో, ఈ సిన్న ప్లాను అట్లాంటిది. ఆ కడాది, పెద్దది ఉంది సూడు, అది షెడ్డులోనే నీకంటూ గోడ కట్టి రూము ఇచ్చినట్టు. బాడిగె ఎక్కువ. ఎవురూ అడ్డం రారు."

"మరి ఈ నడిమిది?"

"అదీ షెడ్డే అన్నా. గానీ నీ ఇష్టం, ఎంతైనా పోసుకో అంటాండారు. అన్‌లిమిటెడ్ అని రాసినారు."

ఆయన తొడ మీద చరుచుకుని నవ్వాడు. "ఇట్ల సెప్పల్ల. ఆ పాప సెప్తాంటే ఇంగ్లీషు వార్తలు ఇన్నట్టుండె."

సార్ కూడా నవ్వాడు. ఆ అంగడిలో ఆయన నన్ను చూసి నవ్వడం అదే మొదలు. చెవులు కాలిపోయాయి. అక్క నా వైపు చూసి, "పాప గూడా అదే సెప్పింది లేన్నా" అన్నది. నన్ను కాపాడడానికి అన్న ఆ మాట ఇంకా మంటెత్తించింది. డిగ్రీ లేని మనిషి నన్ను వెనకేసుకు రావడమేమిటని ఆ సాయంత్రమంతా రగిలాను. అదే వారంలో సార్ ఇంకో మాట అన్నాడు: వెబ్‌సైట్ల పనికి ఇద్దరు అక్కరలేదు, ఎండాకాలం దాటినాక ఒకరే ఉంటారు, రెండోవాళ్లు జిరాక్సు మిషను దగ్గరికి. ఎవరు ఉంటారో చెప్పలేదు. చెప్పకుండా మా ఇద్దరి మొహాలూ చూశాడు. అట్లా చూడడం ఆయనకు సరదా.

ప్లాను తేల్చే పని అక్కకే ఇచ్చాడు. ఆమె మూడు ప్లాన్లనూ కంపెనీ పేజీ నుంచి కాగితం మీదికి తీసింది. ఒక పాడైపోయిన పెళ్లి పత్రిక వెనక మూడు గళ్లు గీసి, ఏ ప్లానులో ఎంత జాగా, ఎంత బాడిగె, చెడిపోతే ఎవరు చూస్తారు అని తెలుగులో రాసింది. నడిమి ప్లాను దగ్గర ఆగి కలం చివర కొరికింది. తర్వాత నన్ను పిలిచింది.

"పాపా, ఎంతైనా పోసుకో అనేటోడు యాడా ఉండడు. యాడో ఒగ సోట గెట్టు రాయి పాతింటాడు. ఈ కిందుండే సన్నక్షరాలు రోంత సదివి సెప్పు."

అది షరతుల పేజీ. పదమూడు పుటలు. నిజంగానే చదివాను. ఏడో పుటలో ఆమె వెతుకుతున్న రాయి దొరికింది. జాగాకు హద్దు లేదు గానీ ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంది. ఆ సంఖ్య దాటితే మెయిళ్లు పంపుతారు. దాటినా పట్టించుకోకపోతే సైటు మూసేస్తారు. మామూలు దుకాణం సైటుకైతే ఆ హద్దు ఎప్పటికీ తగలదు. కానీ మేము వాడే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫోటోను ఆరు సైజుల్లో కోసి ఆరు ఫైళ్లుగా దాస్తుంది. ఆ సంగతి నాకు నేర్పింది కూడా అక్కే. ఒక్కో పెళ్లికి రెండు మూడు వేల ఫోటోలు. రెండు ముహూర్తాల నెలలు చాలు, నిండిపోవడానికి. ఇదంతా మనసులో లెక్క వేసుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది.

నా వేలు ఆ వాక్యం మీదే ఉంది. అక్క నా పక్కన వంగి నిలబడి ఉంది. ఆమెకు ఆ అక్షరాలు కనిపిస్తున్నాయి.

"ఏమని ఉంది?"

"ఏం లేదక్కా. మామూలు రూల్సే. దొంగ సినిమాలు పెట్టగూడదు, వైరస్‌లు పెట్టగూడదు, అట్లాంటివి."

"ఫోటోలకి ఏమన్నా?"

"ఎన్నైనా పెట్టుకోవచ్చంట."

ఆమె పత్రిక వెనక నడిమి గడిలో "ఎన్నైనా" అని రాసి, కింద గీత గీసింది. నా భుజం తట్టింది. సార్ వచ్చి ఏది తేల్చినావని అడిగితే, "ఈ నడిమిది సార్. అన్నకి ఫోటోలు శానా ఉంటాయి" అన్నది. "నీదే జవాబుదారీ" అన్నాడు ఆయన. "నాదే సార్" అన్నది.

సైటు బాగా వచ్చింది. పెళ్లికూతురి ఇంటివాళ్లకు ఒక రంగు, పెళ్లికొడుకు ఇంటివాళ్లకు ఒక రంగు టిక్కులు పెట్టించింది అక్క. స్టూడియో ఆయన సంతోషపడి పక్క ఊర్ల ఫోటోగ్రాఫర్లకు కూడా చెప్పాడు. ముహూర్తాలు మొదలయ్యాయి. ఫోటోలు ఎక్కుతూ పోయాయి.

హోస్టింగ్ కంపెనీ నుంచి మొదటి మెయిల్ వచ్చింది. అంగడి మెయిల్ మా ఇద్దరికీ ఒకటే. ఇంగ్లీషు మెయిళ్లు నన్ను చూడమని అక్క ముందే అప్పజెప్పింది. ఫైళ్లు హద్దుకు దగ్గర పడ్డాయని అందులో ఉంది. చదివి మూసేశాను. పది రోజులకు రెండోది. హద్దు దాటింది, తగ్గించుకోండి లేదా ప్లాను మార్చుకోండి అని. అదీ చదివాను. మూడోదాంట్లో వారం గడువు పెట్టారు. పెద్ద ప్లానుకు మారడం పూటన్నర పని. రేపు చెబుదామనుకున్నానని రాస్తే నాకు బాగుంటుంది. అనుకోలేదు. ఎప్పుడు ఆగుతుందో చూడాలని ఉండింది. ఆ వారం రోజులు పొద్దున్నే అంగడికి ఉత్సాహంగా పోయాను.

ఒక బుధవారం ఆగింది. సైటు తెరిస్తే తెల్లటి పేజీ, మధ్యలో ఒకే ఇంగ్లీషు వరుస. పదకొండు గంటలకల్లా స్టూడియో ఆయన ఎమ్మిగనూరు నుంచి బండి మీద వచ్చేశాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది. గట్టిగా మాట్లాడలేదు.

"బళ్లారోళ్లు పొద్దున్నించీ ఫోన్ సేస్తాండారు. మా పాప పెళ్లి ఫోటోలు అమ్ముకుంటివా అని అడిగినారు సార్. పద్దెనిమిదేండ్ల నుంచి స్టూడియో నడుపుతాండాను. నన్నెవురూ ఇట్ల అడగల్యా."

అక్క అప్పటికే కంపెనీ పేజీ తెరిచి వెతుకుతోంది. ఏం జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. సార్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. కంపెనీ పంపిన మెయిల్ తెరిపించాడు. ఆ మెయిల్‌లో షరతుల పేజీ ఏడో పుటలోని వాక్యాన్నే మళ్లీ రాశారు.

"సదువు" అన్నాడు.

అక్క చదవలేదు.

"సదువమ్మా. అన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చినాడు. ప్లాను నువ్వే గదా తేల్చింది. ఏం రాసినారో అన్నకి సదివి సెప్పు."

ఆమె మొదలుపెట్టింది. ఒక్కో మాట దగ్గరా ఆగి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. రెండు మాటలు తప్పు చదివింది. సార్ రెండుసార్లూ ఆపి, మళ్లీ చదివించాడు. జిరాక్సు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కాగితాలు చేతిలో పట్టుకుని చూస్తున్నారు. స్టూడియో ఆయన ఇబ్బందిగా, "పోనీలే సార్" అన్నాడు. సార్ వినలేదు. ఆమె మెడ మీద చెమట కారడం నాకు నా కుర్చీలోంచి కనిపించింది.

"ఇప్పుడు దాని అర్థం సెప్పు."

ఆమెకు సగం తెలిసింది, సగం తెలియలేదు. ఫైళ్లు అన్నది. ఎక్కువైనాయి అన్నది. ఆగిపోయింది.

సార్ నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు."

నేను లేవను కూడా లేవలేదు. తెరవైపు చూడను కూడా చూడలేదు. జాగాకు హద్దు లేదు గానీ ఫైళ్ల సంఖ్యకు ఉందని, మన సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫోటోకు ఆరు ఫైళ్లు చేస్తుందని, అందుకే రెండు నెలల్లో నిండిందని, చక్కటి తెలుగులో, తడుముకోకుండా చెప్పాను. ఇంగ్లీషు వార్తల మాట నాకు గుర్తుంది కాబట్టి ఒక్క ఇంగ్లీషు మాట కూడా ఎక్కువ వాడలేదు. స్టూడియో ఆయన అర్థమైనట్టు తలూపాడు.

చెప్పడం అయ్యాక అక్క నన్ను చూసింది. నేను తెర చూడకుండా చెప్పానని ఆమె గమనించింది. నేను సదవమంటే పాపే సదివి ఏం లేదన్నది సార్, అని ఆమె ఒక్క మాట అనవచ్చు. నేను దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను, నాకు ఈ పేజీ చూపించనే లేదు అని చెబుదామని. ఆ అబద్ధం చెప్పే అవసరం ఆమె నాకు రానివ్వలేదు.

"నేను సరిగ్గా సూసుకోల్యా సార్. తప్పు నాదే" అన్నది. స్టూడియో ఆయనకు చేతులు జోడించింది. "అన్నా, ఒగ్గ ఫోటో గూడా పోదు. రెండు దినాలు ఇయ్యి. అన్నీ ఎత్తి గోడుండే రూములో పెడతా."

చెప్పినట్టే చేసింది. కంపెనీవాళ్లకు తనే ఫోన్ చేసి, వచ్చిన ఇంగ్లీషు, హిందీ, తెలుగు కలిపి మాట్లాడి, ఫైళ్లు దించుకోవడానికి దారి తెరిపించింది. పెద్ద ప్లాను తీసుకుని పెళ్లి పెళ్లికీ వరుసగా ఎక్కించింది. ఎవరు ఏ ఫోటోకు టిక్కు పెట్టారో అది కూడా పోకుండా తెచ్చింది. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడింది ఒక్కసారే, పాస్‌వర్డ్ అడగడానికి. మధ్యాహ్నం డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని తిన్నది. నేను కింద బండి దగ్గర బజ్జీలు తెప్పించుకున్నాను. ఆకలి బాగానే వేసింది.

శనివారం సైటు లేచింది. ఆ సాయంత్రమే సార్ ఆమెను పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నాడు.

"జిరాక్సు కాడైనా ఉంటా సార్" అన్నది.

"ఎందుకులేమ్మా. మీ ఊర్లో విత్తనాల కాలం వస్తాంది గదా. నీకి తెలిసిన విత్తు అదే. పోయి అది సూసుకో."

ఆమె చెప్పులు, కుర్చీ మీది దిండు, డబ్బా సంచిలో పెట్టుకుంది. నోటుపుస్తకం కూడా పెట్టుకోబోతే సార్ చెయ్యి చాపాడు. "అది అంగడిది. అంగడి టైములో రాసుకున్నావు గదా." ఆమె రెండు క్షణాలు దాన్ని పట్టుకుని నిలబడి, నా బల్ల మీద పెట్టి దిగిపోయింది. ఆ పుస్తకం చూసుకుంటూ నేను రెండేళ్లు పని చేశాను. ఆమె రాత గుండ్రంగా, చదవడానికి సుఖంగా ఉండేది.

ఆమె పోయిన మరుసటి వారం సార్ టీ తాగుతూ నాతో అన్నాడు.

"ఆ మెయిళ్లు మూడూ ముందే వచ్చినాయి గదా. మూడూ సదివినట్టే ఉండె."

నేను తెర మీద పత్రిక అక్షరాలు సర్దుతూ ఉన్నాను.

"బయపడాకులే. మంచిదే సేసినావు. ఆయమ్మను ఏమని సెప్పి తీసేయల్లనో తెలీక అవస్థ పడతాంటి." గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "నీకి తెలివుంది. పైకి వస్తావు."

ఆయన అంత ప్రేమగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పటిదాకా నాకు పశ్చాత్తాపమని చెప్పుకోదగ్గది ఏదీ కలగలేదు. ఆ మెచ్చుకోలు విన్నాక మాత్రం లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను. వచ్చి కూర్చుని పని చేసుకున్నాను. ఉద్యోగం మానేయలేదు. రెండేళ్ల తర్వాత మానేసింది ఎమ్మిగనూరులో నేనే సొంతంగా అంగడి పెట్టుకోవడానికి.

ఆమెను మళ్లీ చూసింది పోయిన ఏడాది. ఆదోని బస్టాండులో పొద్దున ఎనిమిది గంటలకు. పక్కన ముసలామె, కాళ్ల దగ్గర రెండు మూటలు. అక్క బాగా చిక్కిపోయింది. నైటీలు కుట్టే చోట గుండీలు కుడుతున్నానని చెప్పింది, వాళ్లమ్మకు కంటి ఆపరేషను చేయించి ఊరికి తీసుకుపోతున్నానని చెప్పింది. మళ్లీ కంప్యూటర్ పని ఎక్కడా దొరకలేదా అని అడిగాను.

"రెండు సోట్ల అడిగినా. సార్‌కి ఫోన్ సేసి కనుక్కున్నారంట. ఆమీట పిలవల్యా."

నేను మూడేళ్లుగా సిద్ధం చేసుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. "అక్కా, ఆరోజు ఆ షరతుల పేజీ నేను..."

"సెప్పాకు పాపా." గొంతు పెంచలేదు. "నాకు తెలుసు. ఆ పొద్దే తెలుసు. ఇప్పుడు నువ్వు సెప్పి ఏడిస్తే నీకి బరువు దిగుతాది. నేనెందుకు దింపల్ల?"

కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె అవి చూసింది, చూసి మూట సర్దుకోవడానికి వంగింది. పత్తికొండ మీదుగా పోయే బస్సు వచ్చి ఆగింది. ముసలామెను రెక్క పట్టి లేపింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న ఆ ముసలామె తల నా వైపు తిప్పి, "ఎవురే ఆ పాప?" అని అడిగింది.

"అంగడిలో నేను పని నేర్పిన పాప మా."

"బాగ నేర్చుకునిందా?"

"బాగ నేర్చుకునింది" అని, అక్క ఆమెను మెట్టు ఎక్కించి, మూటలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి అందించి, తనూ ఎక్కింది.